వనభోజనాలకు ఒక పొయ్యి

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే మా బరంపురం తెలుగువాళ్ళం నలుగురం కలిసినచోట మొదట లేచే ప్రశ్న ఒకటే. ఈసారి వంట ఎవరు చేస్తారు? ఊరు ఒడిశాలోదైనా ఉసిరిచెట్టు నీడనూ, విస్తరాకునూ, పనసపొట్టు కూరనూ మనవాళ్ళెవరూ వదులుకోలేదు. తప్తపాణి వేడినీటి గుండం దగ్గరో, ఛత్రపురం పక్కన తంపరా సరస్సు ఒడ్డునో ఏదో ఒక చోటు కుదుర్చుకుంటాం. ఒకప్పుడు మూడు రాళ్ళు పేర్చి, ఎండుకట్టెలు ఏరుకుని, అందరూ తలో చెయ్యీ వేసి వండేవారు. ‘అందరూ’ అని వార్షిక నివేదికల్లో రాసుకునేవాళ్ళం గాని, నిజానికి వండింది ఆడవాళ్ళు. మగవాళ్ళు పేకాడేవారు. గత పదేళ్ళుగా ఆ బాధ కూడా లేకుండా కేటరింగు వారి వ్యాను వస్తోంది. డబ్బాల్లోంచి అన్నం, పప్పు దిగుతాయి. తిని, చేతులు కడుక్కుని, గంటలో బస్సెక్కుతాం. కల్యాణమండపం భోజనానికీ దీనికీ తేడా నేలమీద కూర్చోవడమే.

రెండేళ్ళ క్రితం మా పెద్దాయన ఒకరు లేచి, “మళ్ళీ మనమే వండుకుందాం, పిల్లలకు ఆ ముచ్చట తెలియాలి” అన్నారు. మగవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఇంట్లో మా ఆవిడ అన్నమాట వేరు. “మీకేం, వనభోజనమండీ. మాకు వంటగది మారడం, అంతే. పైగా పొగ అదనం. పొయ్యిమీద పెట్టి నేనూ ఒక అరగంట చెట్టుకింద కూర్చోగలిగే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి, వస్తాను.”

సరిగ్గా అదే సమయానికి మా మేనల్లుడు ఇంకో కోరికతో వచ్చాడు. వాడూ, వాడి స్నేహితులూ ఏటా మహేంద్రగిరి ఎక్కి గుడారాలు వేసుకుంటారు. మందస వైపు మన శ్రీకాకుళం వాళ్ళకు కూడా ఆ కొండ బాగా తెలుసు. ఎత్తు 1,501 మీటర్లు. “మావయ్యా, ఒకే పొయ్యి కావాలి. అన్నం ఉడకాలి, దోసె వెయ్యాలి, రొట్టె కాలాలి, కోడి కాల్చుకోవాలి, స్నానానికి నీళ్ళు కాగాలి, రాత్రి చలికాచుకోవాలి, గ్యాసుతో పని చెయ్యాలి, కట్టెతోనూ చెయ్యాలి, వీపు సంచిలో పట్టాలి” అని తొమ్మిది కోరికలు కాగితం మీద రాసిచ్చాడు.

నేను చదివింది బి.కాం. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చూస్తున్నవాణ్ణి. ఇంజనీరింగు నా విద్య కాదు. అయితే పొయ్యికీ జమాఖర్చుల పద్దు ఉంటుందని ఈ రెండేళ్ళలో తెలిసింది. మా ఆవిడ ప్రశ్న ఒకటి, మేనల్లుడి జాబితా ఒకటి పక్కపక్కన పెట్టుకుని చూస్తే, జవాబు చెప్పాల్సింది మా ఆవిడ ప్రశ్నకేనని నాకు తోచింది. పొయ్యి ఎన్ని పనులు చేస్తుందన్నది తర్వాత. మనిషిని ఎంతసేపు పక్కన కాపలా కూర్చోబెడుతుందన్నది ముందు.

ఈ కాపలా సంగతి ఆలోచించినవాళ్ళు మనకంటే ముందే ఉన్నారు. కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అనే వైద్యుడు 1910లో ఒక కుక్కరు తయారుచేశారు. పేరు ఇక్మిక్ కుక్కరు. హైజీనిక్, ఎకనామిక్ అన్న రెండు ఇంగ్లీషు మాటలు కలిపి పెట్టిన పేరది. పొడుగాటి డబ్బా, అందులో క్యారేజీలాగా ఒకదానిమీద ఒకటి గిన్నెలు, అడుగున కొంచెం నీళ్ళు, కింద బొగ్గుల కుంపటి. పొద్దున్నే సర్ది నిప్పువేసి వెళ్ళిపోతే, తిరిగొచ్చేసరికి అన్నం, పప్పు, కూర సిద్ధం. మెస్సుల్లో ఉండే గుమాస్తాలకూ, ఊళ్ళు తిరిగే ఉద్యోగులకూ అది వరమైంది. పూరీ జగన్నాథుని వంటశాలలో మట్టికుండలు ఒకదానిమీద ఒకటి పేర్చి వండడం చూసి ఆయనకీ ఆలోచన వచ్చిందంటారు. అక్కడ పై కుండే ముందు ఉడుకుతుందని భక్తుల నమ్మకం. మా ఒడియా మిత్రులకు ఈ సంగతి చెబితే పొంగిపోయారు.

అదే పద్ధతి కుక్కరు దక్షిణాదిలో రుక్మిణి కుక్కరుగా మన ఇళ్ళలోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే అడిగి చూడండి, అటకమీద ఇత్తడిది ఒకటి దొరికినా దొరకవచ్చు. అయితే దుమ్ము దులిపి వెంటనే వాడేయకండి. ఇత్తడికి లోపల కళాయి ఉండాలి. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు పెడితే చిలుము దిగుతుంది. కళాయి పోసేవాళ్ళు మా ఊళ్ళో వేళ్ళమీద లెక్కించేంతమంది మిగిలారు.

విదేశాల్లోనూ దారి చూపినవాళ్ళున్నారు. లండనులో పేరుమోసిన ఫ్రెంచి వంటవాడు అలెక్సిస్ సోయర్ 1855లో క్రిమియా యుద్ధరంగానికి వెళ్ళి సైనికులకోసం మూతపొయ్యి పెట్టించాడు. మంట పీపా లోపలే ఉంటుంది కాబట్టి కట్టె ఆదా, రాత్రిపూట శత్రువుకు వెలుగు కనిపించదు. ఆ నమూనా నూరేళ్ళకు పైగా బ్రిటిషు సైన్యంలో నిలిచింది. 1892లో స్వీడనులో ప్రైమస్ స్టౌ వచ్చింది. మన ఇళ్ళలో పంపు కొట్టి వెలిగించిన కిరసనాయిలు స్టౌ దాని సంతతే. 1911లో దక్షిణధ్రువానికీ, 1953లో ఎవరెస్టుకూ వెళ్ళింది ఆ స్టౌలే. కాని నాకు పనికొచ్చినవాడు నార్వే ధ్రువయాత్రికుడు నాన్‌సెన్. 1893లో మొదలైన తన యాత్రకోసం ఆయన ప్రైమస్ చుట్టూ ఒక వంటపాత్ర అమర్చుకున్నాడు. మంట గిన్నె అడుగున తగిలి బయటికి పోకుండా, గిన్నె పక్కలనుంచి పైకి పాకుతుంది. ఆ దారిలోనే ఇంకో పాత్రలో మంచు కరుగుతుంది. పోయే వేడిని పోయేదారిలోనే పట్టుకోవడమన్నమాట. బ్యాంకు భాషలో చెప్పాలంటే మూలంలోనే కోత.

మన హైదరాబాదులోనూ ఇలాంటి పని జరిగింది. అక్కడి ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి.రాజు గారు పొగలేని పొయ్యి రూపొందించి 1953లో దానిమీద చిన్న పుస్తకం ప్రచురించారు. ఒక మంట రెండు మూడు గిన్నెల కిందనుంచి పోయి, పొగ గొట్టంలోంచి బయటపడుతుంది. అది ఇంట్లో కట్టుకునే పొయ్యి, మోసుకుపోయేది కాదు. కాని సూత్రం ఒకటే.

ఇక లెక్క. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోక్యాలరీ కావాలి. 25 డిగ్రీలనుంచి 100కి తేవాలంటే 75. ఎనిమిది మందికి కిలో బియ్యం, మూడువందల గ్రాముల పప్పు, ముప్పాతిక కిలో కూర, వాటి నీళ్ళు, అడుగు నీళ్ళు అన్నీ కలిపి ఆరు లీటర్ల నీటికి సమానమనుకుంటే 450 అయింది. అర లీటరు ఆవిరైపోతుంది, దానికో 270. మొత్తం 720. ఇది అసలు. మిగిలిందంతా వడ్డీ! మూడు రాళ్ళ పొయ్యిలో పుట్టిన వేడిలో గిన్నెకు చేరేది నూటికి పది, పదిహేను పాళ్ళే. అంటే ఈ 720 కోసం ఆరువేలు తగలెయ్యాలి, ఇంచుమించు కిలోముప్పావు ఎండుకట్టె. మూతపొయ్యిలో నూటికి ముప్ఫై దక్కినా 2,400 చాలు, మూడువందల యాభై గ్రాముల బొగ్గు. గ్యాసు స్టౌకు మన ప్రమాణ సంస్థ నూటికి 68 పాళ్ళు దక్కాలని నియమం పెట్టింది. కాని అది గాలి కదలని గదిలో. గోపాలపురం సముద్రపుటొడ్డున మా చిన్న స్టౌమీద ఇంట్లో ఏడు నిమిషాల్లో కాగే లీటరు నీళ్ళకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. బయట వండేవాడికి అసలు శత్రువు గాలి.

మరి గ్యాసే ఎందుకు కాదని మేనల్లుడు అడిగాడు. కారులో వెళ్ళేవాళ్ళకు ఐదుకిలోల సిలిండరు బాగానే ఉంటుంది, వాళ్ళకు నా పొయ్యితో పనిలేదు. కొండెక్కేవాళ్ళకు మాత్రం లోపలి గ్యాసు కంటే ఖాళీ సిలిండరే బరువు. పర్వతారోహకులు వాడే చిన్న గ్యాసు డబ్బాలు తేలికే, కాని వాటి చుట్టూ గాలికి అడ్డంగా రేకు కడితే డబ్బా వేడెక్కి పేలే ప్రమాదముంది. ఖాళీవి కొండమీద పారేసి వచ్చేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. అన్నిటికంటే ముఖ్యం రైలు. మనవాళ్ళం బంధువుల ఊళ్ళకు, తీర్థయాత్రలకు సామాను సర్దుకుని రైలెక్కేవాళ్ళం. 2023 ఆగస్టు 26న మదురై స్టేషనులో నిలిపివున్న యాత్రికుల బోగీలో, దొంగచాటుగా తెచ్చిన గ్యాసు సిలిండరువల్ల మంటలు లేచి తొమ్మిదిమంది పోయారు. మండే సరుకులు రైల్లో తీసుకెళ్ళడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం, మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. గ్యాసూ, కిరసనాయిలూ, స్పిరిటూ మూడూ ఆ కిందికే వస్తాయి. అందుచేత ఊరినుంచి ఖాళీ పొయ్యి మాత్రమే బయల్దేరాలి, దిగినచోట దొరికే వంటచెరకుతో పనిచెయ్యాలి అని నిర్ణయించుకున్నాం. ఇస్త్రీ బొగ్గు దొరకని ఊరు లేదు. మాకు కొబ్బరిచిప్పల బొగ్గు కూడా దొరుకుతుంది. బొగ్గు కాల్చే బట్టీలోనే కట్టె చాలావరకు నష్టపోతుందన్నది నిజం. ఆ నష్టం మన పద్దులో కనబడదు గనక చిప్పబొగ్గుకే నా ఓటు.

జాబితాలోంచి ఒక్కొక్కటీ కొట్టేశాం. రొట్టె, కోడి, స్నానపు నీళ్ళు పోయాయి. చలికాచుకోవడం అన్నది మొదటే కొట్టేశాను. మూసిన గుడారంలో బొగ్గులు పెట్టుకుంటే వచ్చే విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ విషయంలో కుర్రాళ్ళతో బేరం పెట్టకూడదు.

మిగిలింది అన్నం, పప్పు, కూర, టీ, వీలైతే దోసె. మా వీధి చివర రేకుపని చేసే ఒడియా మేస్త్రీ ఉన్నాడు. నా కాగితాలు చూసి, “సార్, పొయ్యి నేను చేస్తాను. డబ్బా, గిన్నెలు బజార్లో కొనండి, అంత బాగా నేను చెయ్యలేను” అన్నాడు. ఆ సలహా మాకు సగం డబ్బు మిగిల్చింది. అడ్డం 26 సెంటీమీటర్లు, ఎత్తు 36 ఉన్న స్టీలు బియ్యం డబ్బా ఒకటి కొన్నాం. అందులో దిగేలా 22 సెంటీమీటర్ల క్యారేజీ గిన్నెలు మూడు. అన్నం గిన్నె పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు, పప్పుకూ కూరకూ ఎనిమిదేసి. అడుగున నాలుగు సెంటీమీటర్ల ముక్కాలి వలయం, దానికింద లీటరున్నర నీళ్ళు. మూతకు ఆవిరి పోయే చిన్న రంధ్రం.

పొయ్యి మేస్త్రీ చేసింది. రెండు రేకు గొట్టాలు ఒకదానిలో ఒకటి, మధ్య సందులో రైసుమిల్లునుంచి తెచ్చిన ఊకబూడిద దట్టించాం. వేడిని ఆపడంలో ఊకబూడిదకు సాటివచ్చే చవకవస్తువు లేదు. చెయ్యి కాలదు కూడా. జింకుపూత రేకు వద్దని మేస్త్రీ గట్టిగా చెప్పాడు, నిప్పు తగిలితే ఆ పూత చెడ్డపొగ వదులుతుంది. అతుకులు సీసం టంకంతో కాకుండా మడతలు, రివెట్లతో వేశాడు. నిప్పుదగ్గర టంకం కరుగుతుంది, తిండిదగ్గర సీసం అసలు పనికిరాదు. కిందిభాగంలో జారుడు తలుపు, గాలి ఎంత కావాలో అంత. బూడిద నేలమీద రాలకుండా పళ్ళెం. కాళ్ళు మూడే, ఎందుకంటే మూడుకాళ్ళది ఎగుడుదిగుడు నేలమీద కూడా ఊగదు. నాన్‌సెన్ గారి సూత్రం ప్రకారం డబ్బా చుట్టూ వేలెడు సందు వదిలి ఇరవై సెంటీమీటర్ల ఎత్తున రేకు లంగా కట్టాం. పేరు మేస్త్రీ పెట్టిందే! లంగా లేకుండా అడుగు నీళ్ళు మరిగేందుకు 34 నిమిషాలు పడితే, కట్టాక 22 నిమిషాలకు దిగింది. ఒక్క రేకుముక్క చేసిన పని ఇంత.

మొత్తం ఎత్తు అరవై సెంటీమీటర్లు కావడంతో పిల్లలు తగిలితే పడుతుందేమోనన్న భయం పట్టుకుంది. పొయ్యినీ డబ్బానూ కలిపి రెండు కడ్డీలు, రెక్కలనట్లతో బిగించే ఏర్పాటు చేశాం. బరువు అన్నీ కలిపి ఆరు కిలోల ఎనిమిదివందలు. ఖర్చు రూ.3,850. ఒకడి వీపు సంచిలో డబ్బా, ఆ గిన్నెల్లోనే బియ్యం, పప్పు, ఉప్పు. ఇంకొకడికి పొయ్యి, దాని కడుపులోనే బొగ్గు.

అడుగు నీళ్ళు ఇంకిపోతే డబ్బా మాడుతుంది కదా అని మా ఆవిడ అడిగింది. మూత తీసి చూస్తూ కూర్చోవడమైతే మళ్ళీ కాపలానే. ఉపాయం కూడా ఆవిడదే. అడుగు నీళ్ళలో ఒక రూపాయి బిళ్ళ వేసింది. నీళ్ళు మరుగుతున్నంతసేపూ గలగలమంటుంది, చప్పుడు ఆగితే నీళ్ళు పొయ్యాలి. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో రూపాయి ఇంత నమ్మకంగా పనిచెయ్యడం నేను చూడలేదు.

మహేంద్రగిరి మీద ఇంకో చిక్కు ఎదురైంది. అంత ఎత్తున నీళ్ళు 95 డిగ్రీలకే మరుగుతాయి. ఆ వేడికి అన్నం కాస్త ఆలస్యంగానైనా ఉడికింది గాని కందిపప్పు మాత్రం గింజ గింజగా నిలబడింది. ప్రెషరు కుక్కరు అయితే 120 డిగ్రీల దాకా వెళుతుంది, చిటికెలో పని. కాని ఇంకో కిలోన్నర బరువు ఎవరు మొయ్యాలి? మరుసటిసారి పెసరపప్పు నానబెట్టి అడుగుగిన్నెలో పెట్టారు, మెత్తగా ఉడికింది. కొండ కింద చెట్లలో ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి. మా పొయ్యి నేలకు తగలదు, నిప్పురవ్వ బయటికి ఎగరదు. అయినా సరే, అటవీశాఖ వారి అనుమతి లేనిచోట, మాఘ ఫాల్గుణాల్లో అసలే, నిప్పు రాజెయ్యవద్దని కుర్రాళ్ళకు కట్టడి చేశాం. అలాంటి రోజుల్లో అటుకులూ బెల్లమే వంట.

కిందటి కార్తీకంలో తంపరా ఒడ్డున మూడు పొయ్యిలు పెట్టాం. ఇరవైనాలుగు మందికి వాటిమీద, మిగతావారికి కేటరింగు. పొయ్యికి ఇద్దరు చొప్పున చీటీలు తీశాం. చీటీల డబ్బాలో మగవాళ్ళ పేర్లే వేశారని తర్వాత తెలిసింది, ఎవరు వేశారో నేనడగలేదు. నిప్పు రాజుకోవడానికి పావుగంట, నీళ్ళు మరిగి గిన్నెలు ఉడకడానికి ముప్పావుగంట. ఆ తర్వాత డబ్బా దించి పాత బొంతలో గట్టిగా చుట్టేశాం. ఆ వేడికే మరో అరగంట లోపల మగ్గుతుంది, ఈలోగా ఖాళీ అయిన నిప్పుమీద టీ కాగింది. రుక్మిణి కుక్కరులో వండిన మా అమ్మమ్మకు ఈ బొంత సంగతి తెలుసుగాని, కిలోక్యాలరీలు తెలియవు. కాటాలో తూస్తే పొయ్యికి 450 గ్రాముల బొగ్గు అయింది. లెక్కకు పైన పడిన నూరు గ్రాములూ రాజెయ్యడంలో పోయినవి. అన్నం మాడలేదు, ఆవిరికి మాడే గుణం లేదు. పోపు మాత్రం ఇంటినుంచి చిన్న సీసాలో వచ్చింది. ఇది మోసమని పెద్దాయన గొణిగారు.

మా ఆవిడ ఉసిరిచెట్టు కింద అరగంట కాదు, గంటంపావు కూర్చుంది. గిన్నెలు తోమే చీటీలు కూడా ఆ డబ్బాలోంచే తియ్యాలని అక్కడే తీర్మానమైంది.

దోసె సంగతి ఇంకా తేలలేదు. బొగ్గు మంట పెనం మధ్యలోనే తగులుతుంది, అంచులు పచ్చిగా ఉండిపోతాయి. మందపాటి ఇనప పెనం అయితే వేడి సమంగా పాకుతుంది గాని రెండుకిలోల బరువు. లంగా రేకును కిందికి దించి పెనం అంచులదాకా మంట పాకించవచ్చునేమోనని మేస్త్రీ అంటున్నాడు. ఈ దీపావళి సెలవుల్లో చూస్తాం. కొలతల కాగితాలు కావలసినవారు మన పత్రిక ద్వారా రాస్తే పంపుతాను. డబ్బా కొనేటప్పుడు మాత్రం గిన్నెల్ని కూడా దుకాణానికి తీసుకెళ్ళి లోపల దించి చూసుకోండి. గిన్నెల చుట్టూ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల సందు ఉండాలి. ఆవిరి తిరగాలన్నా, ఉడికిన గిన్నెను పట్టకారుతో పైకి తియ్యాలన్నా ఆ సందే ఆధారం.